నెల్లూరు నుంచి కచ్ చిన్న రణ్‌కి పక్షుల ఫొటోల ట్రిప్: పదే పదే అడిగే ప్రశ్నలు

సంక్రాంతి పోయిందంటే ఫోన్లు మొదలు. "అన్నా, ఆ గుజరాత్ ఎడారికి ఎప్పుడు పోవాలి, ఏ లెన్స్ తీసుకోవాలి" అని నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు నుంచి ఏటా అవే ప్రశ్నలు, నావీ అవే జవాబులు. నేను నాలుగు సార్లు పోయొచ్చాను, మొదటి రెండు సార్లు చేసినవన్నీ తప్పులే. అందుకే ఒకచోట రాసి పెడుతున్నా. వరసగా చదవాల్సిన పని లేదు, మీ డౌటు ఎక్కడుంటే అక్కడికి పోండి.

## పోవాలా వద్దా అనుకునేటప్పుడు

పులికాట్, నేలపట్టు పక్కనే పెట్టుకుని అంత దూరం ఎందుకు పోవాలి?

పులికాట్ ఇంకా సరిగ్గా చూడనివాళ్లయితే పోవద్దు, ముందు అదే చూడండి. వెటకారానికి అనడం లేదు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది, జనవరి పొద్దున్నే ఆ రోడ్డు పక్కన గంట నిలబడితే వచ్చే రాజహంసల (ఫ్లెమింగోల) ఫొటోల కోసం వేరే రాష్ట్రాలవాళ్లు సెలవు పెట్టుకుని వస్తారు. నేలపట్టులో గూడబాతులు చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లలకి మేత పెట్టడం చూడొచ్చు. కానీ ఇవన్నీ నీటి పక్షులు. రణ్‌లో మనకి కావాల్సినవి నేల మీద బతికేవి. పొద మొదట్లో పగలంతా కూర్చునే గుడ్లగూబ, మట్టి రంగులో కలిసిపోయే హుబారా (బట్టమేక జాతి పక్షి), గడ్డి మీద జానెడు ఎత్తులో తేలుతూ పోయే హారియర్లు (మన పెద్దవాళ్లు పిల్లిగద్ద అంటారు), ఉప్పు నేల మీద పరిగెత్తే భరతపక్షులు (లార్క్‌లు). చెట్టు లేదు, కట్ట లేదు, కరెంటు స్తంభం లేదు, పక్షి వెనక ఆకాశం తప్ప ఏమీ ఉండదు. ఫొటోకి అంతకంటే శుభ్రమైన బ్యాక్‌గ్రౌండ్ మన దగ్గర దొరకదు.

ఇంకో మాట. మన పులికాట్‌కి వచ్చే పెద్ద రాజహంసలు కచ్ వైపు నుంచే వస్తాయని అంటారు. మన దేశంలో వాటి పెద్ద గూళ్ల కాలనీ ఉన్నది పెద్ద రణ్‌లోనే. మన ఇంటికి ఏటా వచ్చే చుట్టాల ఊరు ఒకసారి చూసొచ్చినట్టు అనుకోండి.

ఎడారి అంటే ఇసుక దిబ్బలు, ఒంటెలేనా?

కాదు. దిబ్బల కోసమైతే జైసల్మేర్ పోవాలి. చిన్న రణ్ ఎండిపోయిన ఉప్పు బురద. వర్షాకాలంలో నదుల నీళ్లు, సముద్రపు నీళ్లు కలిసి మొత్తం మునిగిపోతుంది, చలికాలానికి ఎండి నేలంతా పలకలు పలకలుగా పగులుతుంది. మధ్యమధ్యలో కొంచెం ఎత్తుగా, గడ్డీ పొదలతో ఉండే జాగాలని అక్కడివాళ్లు బేట్ అంటారు, అంటే దీవి. వానల్లో అవి నిజంగానే దీవులు. పక్షులు, జంతువులు ఎక్కువగా కనిపించేది ఈ బేట్‌ల మీద, వాటి అంచుల్లోనే.

దీని అసలు పేరు అడవి గాడిదల అభయారణ్యం, విస్తీర్ణం దాదాపు 4,954 చదరపు కిలోమీటర్లు. 2024 లెక్కల్లో 7,672 అడవి గాడిదలు తేలాయి. కాబట్టి పక్షులు మొహం చాటేసిన రోజు కూడా కార్డు ఖాళీగా రాదు.

రణ్ ఉత్సవ్ జరిగేది ఇక్కడేనా? టెంట్ బుక్ చేయనా?

ఆగండి, చేయొద్దు! ఆ ఉత్సవం, ఆ తెల్ల ఉప్పు మైదానం ధోర్డో దగ్గర, భుజ్ అవతల, పెద్ద రణ్‌లో. మనం పోయేది చిన్న రణ్, అహ్మదాబాద్ నుంచి రెండు రెండున్నర గంటల దూరంలో దసాడా, జైనాబాద్, బజాణా, ధ్రాంగధ్రా వైపు. రెండింటికీ మధ్య దాదాపు ఒక పూట ప్రయాణం. మాకు తెలిసినాయన ఒకరు ధోర్డోలో టెంట్‌కి అడ్వాన్సు కట్టేసి, నాకు ఫోన్ చేసి "రేపు పొద్దున జీప్ పంపిస్తారా" అని అడిగారు.

చిన్న రణ్‌కా, జైసల్మేర్‌కా? ఒక్కటే చెప్పు అన్నా.

మొదటిసారికి చిన్న రణ్. రైలు దిగి రెండున్నర గంటల్లో బసకి చేరతారు, మూడు రోజుల్లో రకరకాల పక్షులు చూడొచ్చు.

జైసల్మేర్ పక్కనున్న డెజర్ట్ నేషనల్ పార్క్ (3,162 చదరపు కిలోమీటర్లు) రెండో ట్రిప్‌కి ఉంచుకోండి. అక్కడి పెద్ద ఆకర్షణ బట్టమేక పక్షి (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్). మన కర్నూలు వైపు రోళ్లపాడులో ఒకప్పుడు దాని కోసమే అభయారణ్యం పెట్టారు, ఇప్పుడు అక్కడ కనిపించడం గగనం. దేశం మొత్తం మీద 150కి లోపే మిగిలాయి, అవీ ఎక్కువ భాగం జైసల్మేర్ జిల్లాలోనే. పెద్ద పక్షి, ఎదురుగా చూపు సరిగా ఆనదు, కరెంటు తీగలు తగిలి చచ్చిపోతున్నాయని సుప్రీంకోర్టు దాకా కేసు నడిచింది. అట్టాంటి పక్షిని చూడ్డానికి పోయేటప్పుడు ఫొటో రాకపోయినా పర్వాలేదు అనే మనసుతో పోవాలి, మొదటి ట్రిప్‌లో అది కష్టం. రాబందులు, శాండ్‌గ్రౌజ్‌లు (పావురాల్లా ఉండే నేల పిట్టలు) మటుకు అక్కడ బాగా దొరుకుతాయి.

## తేదీలు, టికెట్లు, బస

రణ్‌కి వసంతంలో పోవాలంటున్నారు కదా, ఉగాది సెలవులకి పోతే సరిపోద్దా?

సరిపోదు. మన పంచాంగంలో వసంతం ఉగాదితో మొదలవుతుంది, రణ్‌లో అప్పటికి పక్షుల సీజన్ దుకాణం కట్టేసినట్టే. ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి మొదటి వారం దాకా, అంటే శివరాత్రికి అటూ ఇటూ, నా దృష్టిలో అసలైన కాలం. చలికి వచ్చిన పక్షులు ఇంకా వెళ్లవు, వెళ్లే ముందు బాగా మేస్తూ గుంపులు కడతాయి, ఇక్కడే ఉండే పక్షులు జత కట్టడం, పాడటం మొదలుపెడతాయి. ఒకే ట్రిప్‌లో రెండూ దొరికేది ఈ మూడు నాలుగు వారాలే.

డిసెంబరు, జనవరిలో పక్షులు ఎక్కువే, కానీ పాటా ఆటా తక్కువ. మార్చి మధ్యకి మధ్యాహ్నం ఎండ 35 డిగ్రీలు దాటుతుంది, క్రేన్‌లు (కొంగల్లా పొడుగు కాళ్లుండే పెద్ద పక్షులు) చాలావరకు వెళ్లిపోతాయి, హుబారా కనిపిస్తే అదృష్టం. నేను మొదటిసారి ఆఫీసులో సెలవు దొరికిందని మార్చి 20 తర్వాత పోయాను. పొద్దున తొమ్మిదికల్లా కెమెరా బ్యాగులో పెట్టేసి గదిలో ఫ్యాను కింద పడుకోవడమే మూడు రోజులూ.

జూన్ మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా అభయారణ్యం మూసేస్తారు. హోలీ వారాంతం తప్పించుకోండి, జీప్‌లూ గదులూ రెండూ దొరకవు.

మొత్తం ఎన్ని రోజులు సెలవు పెట్టాలి?

రైల్లో అయితే వారం, ఫ్లైట్‌లో అయితే అయిదు రోజులు. రణ్‌లో మూడు పూర్తి రోజులు ఉండాలి, అంటే ఆరు సఫారీలు. మొదటి రోజు నేల అలవాటు కావడానికే పోతుంది, మన కంటికి ముందు ఏమీ కనపడదు. రెండు రోజులే దొరికితే ఆ డబ్బులతో పులికాట్‌కి పది సార్లు పోవచ్చు.

ట్రైన్ మంచిదా, ఫ్లైట్ మంచిదా?

మన అదృష్టం, నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఉంది. చెన్నై నుంచి అహ్మదాబాద్ దాకా, నెల్లూరు, ఒంగోలు రెండు చోట్లా ఆగుతుంది. మధ్యాహ్నం ఎక్కి ఒక రాత్రి పడుకుంటే మర్నాటికి అహ్మదాబాద్. బండి మారే పని లేదు, కెమెరా బ్యాగు తూకం వేసేవాళ్లు లేరు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, పాత లెక్కలో నాలుగు నెలలు అనుకుని కూర్చోవద్దు. బ్యాగు మటుకు కింది బెర్త్ కింద పెట్టి గొలుసు వేయండి.

ఫ్లైట్ అయితే చెన్నై నుంచి. స్పేర్ బ్యాటరీలు, పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు. లెన్స్ కూడా చేతిలోనే పెట్టుకోండి, ఏడు కిలోలు దాటితే జాకెట్ జేబుల్లో బ్యాటరీలూ ఫిల్టర్లూ సర్దుకోవడం అందరూ చేసే పనే.

అహ్మదాబాద్ నుంచి బస దాకా కారు ముందే మాట్లాడుకోండి. వీరంగాం స్టేషన్ ఇంకా దగ్గర, కానీ రాత్రి పూట అక్కడ కారు దొరకబుచ్చుకోవడం తలనొప్పి.

పర్మిషన్లు ఎవరు తీసుకోవాలి? మనమే ఆఫీసుకి పోవాలా?

మీ బస వాళ్లు, లేదా జీప్ వాళ్లు చూస్తారు. మనిషికీ, వాహనానికీ, కెమెరాకీ వేరువేరుగా ఫీజు ఉంటుంది, ఆధార్ కాపీ దగ్గర ఉంచుకోండి. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి, అభయారణ్యంలో అనుమతి లేకుండా ఎగరేస్తే కేసే.

ఖర్చు ఎంతవుద్ది?

అంకె రాస్తే వచ్చే ఏడాదికి అబద్ధమవుతుంది. లెక్క ఎక్కడ పెరుగుతుందో చెప్తా. రైలు, గది, తిండి కలిపినా జీప్ ఖర్చు ముందు చిన్నవే. కాబట్టి బుక్ చేసేముందు ఇవి అడగండి: జీప్ మా ఒక్కళ్లకేనా, వేరేవాళ్లతో కలుపుతారా? సఫారీ ఎన్ని గంటలు? గైడ్ పక్షులు తెలిసినవాడేనా, అడవి గాడిద చూపించి తీసుకొచ్చేసేవాడా? ఫీజులు ఆ ప్యాకేజీలోనివేనా, వేరేనా?

ఒక జీప్‌కి ముగ్గురు ఫొటోగ్రాఫర్లు. ఆరుగురు పడతారు, ఖర్చు సగమవుతుంది, నిజమే, కానీ పక్షి ఎప్పుడూ మీరు కూర్చోని వైపే దిగుతుంది. నాలుగో మనిషిని ఎక్కించుకున్న ట్రిప్‌లో మాలో ఇద్దరు ఇప్పటికీ సరిగ్గా మాట్లాడుకోరు.

ఇంట్లోవాళ్లని, పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లొచ్చు, జీప్ మాత్రం వేరేది మాట్లాడండి. గుడ్లగూబ ముందు నలభై నిమిషాలు కదలకుండా కూర్చోమంటే ఎనిమిదేళ్ల పిల్లాడి తప్పేముంది? వాళ్లకి అడవి గాడిదలు, ఉప్పు మళ్లు చూపించమనండి, సంతోషంగా తిరిగొస్తారు.

## సామాను, కెమెరా

నా దగ్గర 70-300 లెన్స్ ఒక్కటే ఉంది. రావొచ్చా, అద్దెకి తీసుకోవాలా?

అద్దెకి తీసుకోండి. 150-600, 200-600, నికాన్ 200-500 లాంటివి ఏవైనా చాలు, ప్రైమ్ లెన్స్ (జూమ్ లేనిది) లేదని బాధపడక్కర్లేదు. మీ 70-300 పారేయకండి, గాడిదల గుంపులకీ, సూర్యాస్తమయంలో రాజహంసల వరసకీ అదే పనికొస్తుంది. రెండు కెమెరా బాడీలు ఉంటే ఇంకా మేలు.

అద్దె లెన్స్ బయల్దేరే ముందు రోజు కాకుండా వారం ముందే తెచ్చుకుని, మీ ఊరి చెరువు కట్ట మీద రెండు రోజులు కొంగల్నీ తీతువుల్నీ తీయండి. నేను ఒకసారి చెన్నైలో ఒక షాపులో తీసుకుని నేరుగా రైలెక్కాను, రణ్‌లో చూస్తే లోపలి గాజుకి బూజు.

ట్రైపాడ్ మోసుకు రావాలా?

వద్దు. జీప్‌లో దానికి జాగా ఉండదు. బీన్ బ్యాగ్ (లెన్స్ ఆనించుకునే గింజల సంచి) తెచ్చుకోండి, ఖాళీది, మడిచి బట్టల మధ్య పెట్టుకునేది. గింజలు అక్కడ నింపుకుందాం. మా ఫ్రెండ్ ఒకడు ఇంటి నుంచి మూడు కిలోల బియ్యం పోసుకుని నవజీవన్ ఎక్కాడు, మొలగొలుకులు మాత్రం కాదులెండి, రేషన్ బియ్యమే. మేం దసాడా బజార్లో సజ్జలు కొని నింపుతాం, ట్రిప్ అయ్యాక ఆ సజ్జలు డ్రైవర్ ఇంటికి పోతాయి. రెండోసారి పోయినప్పుడు వాళ్లావిడ ఆ మాట గుర్తు పెట్టుకుని రొట్టెలు చేసి పంపింది.

అక్కడి దుమ్ముకి కెమెరా పాడైపోద్దా?

అజాగ్రత్తగా ఉంటే పోద్ది. అది మామూలు దుమ్ము కాదు, ఉప్పు కలిసిన పిండి లాంటి మట్టి, ముందు జీప్ పోతే వెనక జీప్‌లో పళ్ల మధ్య కరకరలాడుతుంది. నియమం ఒక్కటే: రణ్‌లో లెన్స్ మార్చకూడదు. నేను మార్చాను. చేతి రుమాలు అడ్డం పెట్టుకుని, గాలికి వీపు పెట్టి, పది సెకన్లలో మార్చేశానని గొప్పగా ఫీలయ్యాను. ఆ రోజు నుంచి ప్రతి ఫొటోలో ఆకాశం మీద పదకొండు మచ్చలు, లెక్కపెట్టాను.

జీప్ కదిలేటప్పుడు కెమెరా మీద పాత దిండు గలీబు తొడగండి. ఖరీదైన కవర్ల కంటే అదే త్వరగా తీయొచ్చు, వేయొచ్చు. సాయంత్రం గదికి రాగానే ముందు మెత్తటి బ్రష్‌తో దులపండి, తర్వాత బ్లోయర్, ఆఖర్న గుడ్డ. గుడ్డతో మొదలుపెడితే ఉప్పుకాగితంతో గాజు రుద్దినట్టే.

ఫిబ్రవరిలో చలి బట్టలు కావాలా?

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన దగ్గర సామెత, రణ్‌లో పొద్దున ఆరింటికి టాప్ లేని జీప్‌లో కూర్చుంటే శివశివా అనేది మనమే. 12, 15 డిగ్రీల చలి, పైగా బండి వేగానికి గాలి. నెల్లూరు మనిషికి అది హిమాలయం. జాకెట్, చెవులు మూసే టోపీ, పల్చటి చేతి తొడుగులు. తొమ్మిదికి అవన్నీ విప్పి పక్కన పెట్టి కాటన్ చొక్కాలోకి వచ్చేస్తారు, అందుకే ఒకటి మీద ఒకటి వేసుకోండి. రంగు మట్టి రంగో, బూడిద రంగో. తెల్ల చొక్కా వద్దు. పెదాలకి రాసుకునేది మర్చిపోవద్దు, ఉప్పు గాలికి రెండో రోజే పగులుతాయి.

తిండి ఎట్టా ఉంటుంది? నాన్‌వెజ్ దొరుకుద్దా?

చాలా బసల్లో శాకాహారమే ఎక్కువ. సజ్జ రొట్టె, కాల్చిన వంకాయ కూర, పల్చటి మజ్జిగ. రొట్టె మీద వెన్న వేసి ఇస్తే ఊరికే తినేయొచ్చు. పప్పులో, కఢీలో తీపి తగులుతుంది, రెండో రోజుకి నాలుక కారం కోసం కొట్టుకుంటుంది. ఒక సీసా గోంగూర పచ్చడి, కందిపొడి పట్టుకుపోండి. చేపల పులుసు సంగతి నెల్లూరు తిరిగొచ్చాకే.

సాయంత్రం ఒక బీరు...?

గుజరాత్‌లో మద్యనిషేధం. బ్యాగులో కూడా పెట్టుకురావద్దు.

## రణ్‌లో దిగాక

పొద్దున ఎన్నింటికి బయల్దేరాలి? మధ్యాహ్నం ఏం చేయాలి?

సూర్యుడు వచ్చేసరికి మీరు లోపల ఉండాలి. వెలుగు వచ్చిన మొదటి రెండు గంటలు, సాయంత్రం ఆఖరి రెండు గంటలు. మూడు రోజుల ట్రిప్ అంటే నిజంగా పన్నెండు గంటల పని, అంతే. మిగతా టైమంతా రైలు, దుమ్ము, టీ.

మధ్యాహ్నం తిని పడుకోండి. పడుకోలేనివాళ్లు బస దగ్గరున్న చెరువుకి పోవచ్చు, బాతులు, కొంగలు ఉంటాయి. లేదా అగరియాల (అక్కడ ఉప్పు పండించేవాళ్ల) ఉప్పు మళ్లు చూడండి. మన ఇసకపల్లి ఉప్పు కొటార్లు చూసినవాళ్లకి తేడా వెంటనే తెలుస్తుంది. మనది సముద్రపు నీరు, వాళ్లది భూమిలోంచి తోడిన ఉప్పునీరు. వానలు తగ్గాక కుటుంబంతో సహా వచ్చి ఎండాకాలం దాకా ఆ మైదానంలోనే గుడిసెల్లో ఉంటారు, తాగే నీళ్లు ట్యాంకర్లో రావాలి. ఫొటో తీసేముందు అడగండి.

లెన్స్ మంచిదే, ఫోకస్ పడింది, అయినా ఫొటోలన్నీ మెత్తగా వస్తున్నాయి. సర్వీసుకి ఇవ్వాలా?

ఎక్కువ మంది అడిగేది ఇదే. కెమెరా తప్పు కాదు, గాలి తప్పు. కాలిన దోసె పెనం పైనుంచి అవతలి గోడ చూడండి, గోడ వణుకుతున్నట్టు ఉంటుంది కదా. రణ్ అంతా ఒక పెనం. పొద్దున తొమ్మిది, తొమ్మిదిన్నరకి నేల వేడెక్కుతుంది, నేలకి దగ్గరగా వేడి గాలి, పైన చల్ల గాలి, ఆ పొరల మధ్య వెలుగు వంకర్లు పోతుంది. ఎండమావి కనిపించేదీ అందుకే. మీ 600 లెన్స్ ఆ వంకర్లని కూడా పెద్దవి చేసి చూపిస్తుంది. లక్షల లెన్స్ పెట్టినా, ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా అది బాగుపడదు.

అనుమానం ఉంటే ఇట్టా చూడండి. దూరంగా కదలని వస్తువు, ఒక రాయో పొదో, ఏడింటికి ఒకసారి, పదింటికి ఒకసారి అదే చోటు నుంచి తీసి పక్కపక్కన పెట్టండి. మొదటిది శుభ్రంగా ఉండి రెండోది కరిగిన మైనంలా ఉంటే మీ లెన్స్‌కి ఏ జబ్బూ లేదు.

చేయగలిగింది ఏంటంటే, అందరం క్రాప్ చేసుకోవచ్చులే అని దూరం నుంచి కొడతాం, ఇక్కడ అది పనికిరాదు. ముప్పై అడుగుల్లో ఉన్న చిన్న పిట్టని తీస్తే మధ్యలో గాలి తక్కువ, కాబట్టి వణుకూ తక్కువ. రెండు వందల మీటర్ల అవతల డేగ కూర్చుంటే పది దాటాక కెమెరా ఎత్తకండి, కళ్లతో చూడండి. ఇంకా తీయాలనిపిస్తే ఆ వణుకునే వాడుకోండి: ఎండమావి మీద నడిచే అడవి గాడిదలు, కాళ్లు లేకుండా, నీళ్ల మీద తేలుతున్నట్టు ఉంటాయి. నా గోడ మీదున్న ఒకే ఒక్క గాడిద ఫొటో అట్టాంటిదే.

సెట్టింగులు ఏం పెట్టాలి?

ఎగిరే పక్షికి షట్టర్ స్పీడు 1/2500 లేదా ఆ పైన, కూర్చున్నదానికి 1/800 చాలు, ఐఎస్ఓ ఆటోలో వదిలేయండి. తెల్లటి ఉప్పు నేల ఫ్రేమ్ నిండా ఉంటే కెమెరా మోసపోయి పక్షిని నల్లగా చేస్తుంది, ఎక్స్‌పోజర్ ప్లస్ ఒకటి (+1) దాకా పెంచండి. ఎండ మొహాన పడుతున్న రాజహంసకి మాత్రం పెంచొద్దు, రెక్కల తెలుపు కాలిపోతుంది.

జీప్ దిగొచ్చా?

గైడ్ సరే అంటేనే, అతను చూపించిన చోటే. దిగాక నిలబడకండి, పడుకోండి. మనిషి నిలబడితే పక్షికి శత్రువు, నేల మీద పడుకుంటే ఏదో మట్టి గడ్డ. లెన్స్ పక్షి కంటి ఎత్తుకి వచ్చిందంటే ఆ ఫొటో అందమే వేరు. మోచేతులకి పాత సైకిల్ ట్యూబో, గోనె సంచో పెట్టుకోండి, ఎండిన బురద అంచులు బ్లేడులా ఉంటాయి.

డ్రైవర్ దూరంగా ఆపేస్తున్నాడు. ఇంకొంచెం పోనీమని అనొచ్చా?

అనొద్దు. టిప్ ఆశ చూపించి అసలే అనొద్దు. వాళ్లకి ఆ పక్షి ఎంత దూరంలో మెడ ఎత్తుతుందో, ఎంత దూరంలో లేస్తుందో తెలుసు. ఆపి, ఇంజిన్ కట్టేసి, పదిహేను నిమిషాలు ఊరికే ఉండండి, చాలాసార్లు పక్షే మేసుకుంటూ దగ్గరికొస్తుంది. వేలకి వేలు కిలోమీటర్లు ఎగరబోతున్న పక్షిని మూడు సార్లు లేపితే అది తిన్నదంతా మన ఫొటోకి ఖర్చయిపోయినట్టే.

అడవి గాడిదల వెనక జీప్ పరిగెత్తించడం కొందరికి సరదా, గంటకి 70 కిలోమీటర్లు పోతాయట చూద్దాం అని. చట్టం ప్రకారం నేరం, మీ జీప్ డ్రైవర్ చేస్తుంటే ఆపమనండి.

మనమే కారు వేసుకుని లోపలికి పోతే?

కూరుకుపోతారు. పైన పెంకు ఎండినట్టే ఉంటుంది, కింద నల్ల బురద. గుర్తు పెట్టుకోడానికి చెట్టు కూడా ఉండదు.

## ఏ పక్షిని ఎట్టా

హుబారా కనపడుద్దా, ఫొటో పడుద్దా?

కనపడొచ్చు. బట్టమేకకి చుట్టం, సైజు కోడిపుంజుకి కొంచెం పెద్దది, మెడ పక్కన నల్ల చార. మధ్య ఆసియా వైపు నుంచి చలికి వస్తుంది, ఫిబ్రవరి దాటితే వెనక్కి పోతుంది. జీప్ చూడగానే ఎగరదు, నేలకి అంటుకుపోతుంది లేదా మెల్లగా నడిచి పొద వెనక్కి జరుగుతుంది. వెంటపడితే పొదల మధ్య దాగుడుమూతలే. అది నడిచే దిశ చూసి, చాలా ముందుకి చుట్టు తిరిగి పోయి, ఎండ వీపున పెట్టుకుని ఆగి ఉండాలి. మూడు ట్రిప్‌ల తర్వాత నాకు పడిన ఫొటో అట్టా పడిందే.

పొట్టి చెవుల గుడ్లగూబ పగలు కనిపిస్తుందంటారు, నిజమేనా?

నిజం. బేట్‌ల మీద పొద నీడలో నేల మీదే కూర్చుంటుంది. పసుపు కళ్లు, చుట్టూ కాటుక పెట్టినట్టు నలుపు. కళ్లు సగం మూసుకుని ఉంటే మీరు సరైన దూరంలో ఉన్నారు. పూర్తిగా తెరిచి మిమ్మల్నే చూస్తూ ఒళ్లు సన్నం చేసిందంటే వెనక్కి జరగండి. సూర్యుడు దిగాక గడ్డి మీద వేటకి లేస్తుంది, ఆ పది నిమిషాల కోసం సాయంత్రం సఫారీలో తొందరపెట్టి వెనక్కి రాకండి.

సైక్స్ నైట్‌జార్ (రాత్రి పూట తిరిగే పిట్ట) కూడా ఇట్టాగే పగలు నేల మీద ఉంటుంది, కానీ గైడ్ వేలు పెట్టి చూపించినా మట్టిగడ్డ ఏదో పిట్ట ఏదో అర్థం కావడానికి నాకు అయిదు నిమిషాలు పట్టింది.

అక్కడి రాజహంసలు మన పులికాట్‌వేనా, వేరేవా?

రెండు రకాలు ఉంటాయి. మన పులికాట్‌లో ఎక్కువగా కనిపించేది పెద్ద రాజహంస, తెల్లగా, పొడుగ్గా, గులాబి ముక్కు చివర నలుపు. చిన్న రాజహంస పొట్టిది, గులాబి చిక్కగా ఉంటుంది, ముక్కు ముదురు ఎరుపు, దూరానికి నల్లగానే కనిపిస్తుంది. రెండూ పక్కపక్కన మేస్తుంటే తీయండి, తేడా ఒక్క ఫొటోలో తెలిసిపోతుంది. నీళ్లు ఎక్కడ మిగిలాయో ఆ ఏటి వానని బట్టి మారుతుంది, గైడ్‌ని అడగాల్సిందే.

క్రేన్‌ల కోసం ఎప్పుడు కూర్చోవాలి?

సాయంత్రం. పగలు పొలాల్లో మేసి, చీకటి పడే ముందు లోతులేని నీళ్లలో నిద్రకి దిగుతాయి. ముందు అరుపులు వినపడతాయి, తర్వాత వరసలు వరసలుగా వస్తాయి. అవి దిగే చోటుకి పోవద్దు, వచ్చే దారి కింద ఉండండి.

హూపో లార్క్ అని ఏదో అంటున్నారు, దాని కోసం టైమ్ పెట్టాలా?

పెట్టండి, వసంతంలో పోయేదే దీనికి. భరతపక్షుల జాతి, ముక్కు పొడుగ్గా వంగి ఉంటుంది, నేల మీద ఉన్నంతసేపూ మట్టి రంగు పిట్ట, ఎవరూ రెండోసారి చూడరు. రెక్క విప్పిందంటే నలుపు తెలుపు చారలు. మగది ఈల వేసుకుంటూ నిట్టనిలువుగా పైకి లేచి, పైన ఒక్క క్షణం ఆగి, రెక్కలు చాపుకుని గిరగిరా తిరుగుతూ కిందికి జారుతుంది.

మా జీప్ ఒక పొద్దున బేట్ అంచున ముందు చక్రాలు దిగబడిపోయింది. ఇంకో బండి రావడానికి గంటన్నర పడుతుందన్నారు. చేసేదేం లేక నేల మీద కూలబడి బిస్కెట్లు తింటున్నాం. పదిహేను అడుగుల దూరంలో ఈ పిట్ట వచ్చి, మట్టి పలక సందులో ముక్కు పెట్టి పురుగుని లాగి, పలక మీద రెండు దెబ్బలు వేసి మింగింది. తర్వాత ఒక చిన్న పొద ఎక్కి అక్కడి నుంచే లేవడం మొదలుపెట్టింది. ప్రతిసారీ అదే పొద, నేను ఆరు సార్లు లెక్కపెట్టాను. రెండో సారికే అది తెలిసిపోయాక ఫోకస్ ఆ పొద పైన పెట్టుకుని కూర్చున్నా. ఆ ట్రిప్‌లో నేను ఉంచుకున్న ఫొటోల్లో సగం ఆ గంటన్నరవే.

## ఇంటికొచ్చాక

ఫొటోతో పాటు లొకేషన్ పెట్టొచ్చా?

"చిన్న రణ్" అని రాస్తే చాలు. గుడ్లగూబ కూర్చునే పొద, గూడు ఉన్న జాగా మ్యాప్‌లో పెట్టకండి, వారం తిరక్కుండానే ఆ పొద చుట్టూ ఆరు జీప్‌లు నిలబడతాయి. మీరు చూసిన పక్షుల లిస్ట్ ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కించండి, వాళ్లు సున్నితమైనవిగా గుర్తించిన జాతుల చోటు వాళ్లే దాచిపెడతారు.

మూడు వేల ఫొటోలు తెచ్చా. ఎట్టా ఏరాలి?

పదింటి తర్వాత తీసినవి ముందు తీసేయండి. సగం బరువు అక్కడే తగ్గుద్ది.

వచ్చే ట్రిప్‌లో నన్నూ కలుపుకుంటారా?

ఈ ఏడాది జీప్‌లో ముగ్గురం అయిపోయాం, నాలుగో మనిషిని ఎక్కించను. కానీ జనవరిలో ప్రతి ఆదివారం తెల్లారుజామున నాలుగున్నరకి నెల్లూరు నుంచి బయల్దేరి పులికాట్ పోతుంటాం, కారులో ఒక సీటు ఖాళీ. బీన్ బ్యాగ్ తెచ్చుకోండి, ఆ రోడ్డు పక్కన బురదలో పడుకోడానికి వెనకాడకపోతే ఫిబ్రవరి సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.